తక్కువ ప్రమాదం

మోర్వెన్ డాల్‌గ్లీష్, అరవై మూడేళ్లు.
ఎడమ భుజం వెనక పుట్టిన మెలనోమా
ఇప్పుడు ఊపిరితిత్తుల్లో రెండు చోట్ల.
వృత్తి అన్న గడిలో ఆమె రాసింది: కుక్కలు.

డునీడిన్‌లో ఆ ఉదయం వడగళ్లు.
మొదటి సీసా ఎక్కించే ముందు
ఆరు గొట్టాల రక్తం తీశాను.
ఎందుకింత, అంది.
చెప్పాను: ఈ మందు గడ్డను చంపదు,
మీ ఒంటి కాపలావాళ్ల మెడలో గొలుసు విప్పుతుంది, అంతే.
విప్పాక అవి గడ్డ మీదికే పోతాయో,
పేగు మీదికో, కాలేయం మీదికో, గుండె మీదికో
ముందే తెలుసుకోవాలని మా తాపత్రయం.

రేకు మీద వడగళ్లు పడ్డట్టు నవ్వింది.
"గొర్రెను కరిచే కుక్కేదో
కూనగా ఉండగానే చెప్పాలంటావు.
నలభై ఏళ్లు నేను చేసిందీ అదే."

ఏం చూస్తారు, అడిగాను.
"పారిపోయే గొర్రెను ఏ కూనైనా తరుముతుంది.
గొర్రె ఆగిపోయిందనుకో,
అప్పుడు చూడాలి
ఇది కూడా ఆగుతుందా, లేదా."

చేతి తొడుగుల డబ్బా అంచు మీద రాసుకున్నాను ఆ మాట.

నాలుగేళ్లు, మూడు వందల పన్నెండు మంది,
మంచుపెట్టెలో వరసలు వరసలుగా వాళ్ల రక్తం.
వాటిని చదివిన లెక్క ఆమె పేరు పక్కన తేల్చింది:
తక్కువ ప్రమాదం.
ఆకుపచ్చ గడి.
ఆ రంగు ఎంచింది నేనే.

పంతొమ్మిదో రోజు ఫోను.
"కుడి కనురెప్ప వాలిపోతోంది.
అద్దంలో నాకు నేనే కన్ను కొడుతున్నట్టుంది.
ఇదీ చెప్పాల్సిన విషయమేనా?"

చెప్పాల్సిన విషయమే.
కొండల మీంచి హెలికాప్టర్‌లో తెచ్చారు.
గుండె కండరం కరిగి రక్తంలోకి కారుతున్న లెక్క
కాగితం మీద నాలుగంకెలు దాటింది.
రోజుకో గ్రాము స్టెరాయిడ్.
డాక్టర్ వైమారీ కోటు విప్పకుండానే
మానిటర్ పక్కన తెల్లార్లూ కూర్చుంది.

నేను ల్యాబ్‌లో ఆ గడి తెరిచాను.
ఇంకా ఆకుపచ్చగానే ఉంది.
ఆరు గొట్టాల అంకెలూ మళ్లీ చదివాను.
వాటిలో ఏమీ లేదు,
లేదా ఉన్నది చూడటం నాకు రాదు.
కంచె చేను మేసిందని
తెల్లారాక ఎవరైనా చెబుతారు.

పన్నెండో రోజుకి దిండుకి ఆనుకుని కూర్చుంది.
"రెండుసార్లు తప్పాను నేను కూడా," అంది.
"జెట్టీ కరవదన్నాను. ఒక్క రాత్రిలో పదకొండు గొర్రెలు.
ఊరంతా చెప్పుకున్నారు, ఇప్పటికీ చెప్పుకుంటారు.
ఫ్లింట్ కరుస్తుందన్నాను. మందలోకి వదల్లేదు.
పదహారేళ్లు గొలుసుతోనే బతికింది,
కోడిపిల్లనైనా ముట్టలేదు.
ఆ తప్పు ఎవరూ లెక్క పెట్టలేదు."

నాకు గుర్తొచ్చాయి ఎర్ర గడులు.
రేపు ఈ లెక్కను నమ్మి
మందు వద్దని ఎవరికో చెప్పే నోరు,
ఇంటికెళ్లి బూట్లు విప్పుకుంటూ
వద్దన్నారట అని చెప్పుకునే ఇంకో నోరు.

స్కానులో రెండు మచ్చలూ సగానికి తగ్గాయి.
మళ్లీ ఆ మందు ఇవ్వరు.
కొండెక్కే గుండె కాదిక ఆమెది;
గేటు దగ్గరే నిలబడి ఈల వేస్తుంది,
ఈల మటుకు పైదాకా వెళ్తుందట.

మూడు వందల పదమూడో వరసలో ఒకటి వేశాను.
రంగులు తీసేశాను.
ఇప్పుడక్కడ ఒక అంకె,
దాని పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో,
అది ఎంత తప్పొచ్చో చెప్పే ఇంకో అంకె.

ఈ ఉదయం పడవలకు రంగులేసే మనిషొకడు
చొక్కా చెయ్యి మడుచుకుంటూ, ఆరు గొట్టాలా, అన్నాడు.
ఈ రోజుకి ఆరు.
పదో రోజున మళ్లీ రండి, అన్నాను.
పదో రోజుకేముంది, అన్నాడు.

గొలుసు విప్పి ఉంటుంది, అన్నాను.
చూడాలి.